మంగతాయారు బరువు

కథలో వాలుకుర్చీ చక్కగా కుదిరిన మరుక్షణం వసారాలో వాలుకుర్చీ ఉండదు. ఆ సమయానికి పేర్రాజు అందులోనే కూర్చుని, ఒళ్లో అట్ట పెట్టుకుని, దాని గురించే రాస్తున్నాడు కనక నేల మీద చతికిలబడతాడు. అట్ట మాత్రం ఒళ్లోనే ఉంటుంది. వాక్యం బాగా వచ్చిందన్న తృప్తితో ఇంకో రెండు ముక్కలు రాసి, చుక్క పెట్టి, అప్పుడు నడుం తడుముకుంటాడు.

వంటింట్లోంచి మంగతాయారు వచ్చి, నేల మీదున్న భర్తనీ, కుర్చీ ఉండాల్సిన ఖాళీనీ చూస్తుంది. ఆవిడకి ఇదేం కొత్త కాదు. కిందటి నెల గోడ గడియారం ఇలాగే వెళ్లింది. అంతకు ముందు రేడియో. పెరట్లో కరివేప చెట్టయితే, సరిగ్గా ఆవిడ చారులో పోపు వెయ్యబోతుండగా, వేళ్లతో సహా కథలోకి వెళ్లిపోయింది. ఇప్పుడు ఆవిడ బాధల్లా ఒకటే. ఆ కుర్చీ వాళ్ల నాన్నగారు పెద్దాపురం నుంచి బండి మీద వేయించి పంపినది.

పేర్రాజు చక్కెర ఫ్యాక్టరీలో కాటా గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. సామర్లకోట చుట్టుపక్కల ఎవరి చెరుకు బండైనా సరే, కాటా ఎక్కకముందే, ఎద్దుల మొహాలు చూసి బరువు చెప్పేస్తాడని ఆయనకి పేరు. ఆ పేరుని ఆయన ఏనాడూ లెక్కచెయ్యలేదు. ఆయనకి కావలసిన పేరు వేరు. అది వారపత్రికలో, బొమ్మ వేసినాయన పేరు కంటే చిన్న అక్షరాల్లో పడుతుంది.

మిగతా రచయితలకి లేని సుఖం ఒకటి పేర్రాజుకి ఉంది. రాసింది బాగుందో లేదో ఎవర్నీ అడగక్కర్లేదు. బాగుంటే వస్తువు వెళ్తుంది. లేకపోతే ఉంటుంది. అటూ ఇటూ కాకుండా రాస్తే అటూ ఇటూ కాకుండానే మిగులుతుంది. స్టూలు మీద రాసిన కథలోకి రెండు కాళ్లే వెళ్లాయి. మిగిలిన రెండు కాళ్లతో ఆ స్టూలు గోడకి ఆనుకుని, ఇంటికొచ్చిన విమర్శకుడిలా ఆయన్నే చూస్తూ ఉంటుంది.

సంగతి తెలిసి పక్కింటి లింగమూర్తి వాళ్ల కుక్కని తీసుకొచ్చాడు. అరిచి చంపుతోంది, కాస్త రాసిపెట్టమన్నాడు. పేర్రాజు మొహమాటానికి ఒప్పుకుని, మనసు పెట్టకుండా రాశాడు. అరుపు ఒక్కటే వెళ్లింది. కుక్క ఇప్పటికీ ప్రహరీ గోడ పక్కన నోరు తెరిచి ఎంతో శ్రద్ధగా మొరుగుతుంది, చప్పుడు ఉండదు. లింగమూర్తికి అది చాలు. మర్నాడు వాళ్ల మావగారిని వెంటబెట్టుకొచ్చాడు. ఆయన చుట్టపుచూపుగా అల్లుడింటికి వచ్చి, తిరిగి వెళ్లడం మర్చిపోయిన మనిషి. పేర్రాజు దండం పెట్టి, మనుషుల్ని రాసేటంత వాణ్ని కాదని చెప్పి పంపేశాడు. వినయానికి అన్నాడే కానీ, ఆ మాట తను నమ్మలేదు.

కుర్చీ కథ పూర్తవుతుంది. ఇక మిగిలింది హామీ పత్రం. పత్రికకి కథ పంపితే చివర్న అది ఉండి తీరాలి. ఈ కథ నా సొంతం, దేనికీ అనువాదం కాదు, అనుకరణ కాదు, వేరే ఏ పత్రిక పరిశీలనలోనూ లేదు అని రాసి సంతకం పెట్టాలి. అది లేకపోతే సంపాదకుడు కథ మొహం కూడా చూడడు. పేర్రాజు కథ మధ్యలో తడబడతాడేమో కానీ హామీ పత్రం దగ్గర ఎన్నడూ తడబడలేదు. సంతకం కింద గీత కూడా గీస్తాడు.

ఈసారి మంగతాయారు ఆయన భుజం మీదుగా అది చదువుతుంది. సొంతం అని ఎలా రాస్తారని అడుగుతుంది. కుర్చీ మా నాన్నది కదా అంటుంది. కుర్చీ నీదే, కథ నాది అని పేర్రాజు ఓపిగ్గా వివరిస్తాడు.

"అయితే మీ కథ పంపించుకోండి, నా కుర్చీ ఇక్కడ పెట్టండి" అంటుంది ఆవిడ.

 సాహిత్యం నీకు అర్థం కాదని అనేసి, పేర్రాజు పోస్టాఫీసుకి వెళ్లిపోతాడు. వెళ్లిన వస్తువులు ఎక్కడికి వెళ్తాయని ఆవిడ ఎప్పుడైనా అడిగితే, సాహిత్యంలోకి అని చెప్తాడు. అంతకంటే వివరంగా ఆయనకీ తెలీదు. అచ్చయ్యేదాకా మటుకు పోస్టాఫీసులోనే ఎక్కడో ఉంటాయని ఆయన అనుమానం.

వానాకాలం వెళ్లేసరికి ఇల్లు బోసిపోతుంది. మాట్లాడితే గోడలు తిరిగి మాట్లాడుతున్నాయి. రెండున్నర గదుల్లో ఓ చాప, ఆ రెండు కాళ్ల స్టూలు, ఫోను, పొయ్యి, చెంబులు, పళ్లేలు మిగిలాయి. అవి ఆయన రాయబోయి ఓడిపోయినవి. అలాంటి సమయంలో వారపత్రిక సంపాదకుడు ఫోను చేసి, దీపావళి ప్రత్యేక సంచికకి మీరు కథ ఇవ్వాలి, కుర్చీల్లాంటివి కాకుండా ఏదైనా గొప్పది ఇవ్వాలి అంటాడు. ప్రత్యేక సంచికకి అడిగించుకోవడం పేర్రాజుకి ఇదే మొదలు. ఫోను పెట్టేసి ఇల్లంతా కలయజూస్తాడు. గదులన్నీ తిరిగి తిరిగి ఆయన చూపు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న మంగతాయారు దగ్గర ఆగుతుంది.

ఆవిడ తలెత్తకుండానే తెలుసుకుంటుంది.

పేర్రాజు చూపు తిప్పుకుంటాడు. ఆవిడ లేకుండా తను బతకలేడు. అది కవిత్వానికి అనే మాట కాదు, తువ్వాలు ఎక్కడుంటుందో కూడా ఆయనకి తెలీదు. కానీ పెళ్లి చూపుల నాటి నుంచి ఆవిడ మీద ఓ కథ రాయాలని ఆయన ఆశ. అన్నిట్లోకీ అదే పెద్ద కథ. అందుకే దాచుకున్నాడు. రాస్తే మనిషి పోతుంది, రాయకపోతే తను రచయిత కాకుండా పోతాడు. ఈ రెంటి మధ్యా నిలబడి ఆయన నిజంగానే ఏడుస్తాడు.

మంగతాయారు చేట పక్కకి జరిపి కొంచెంసేపు ఆలోచిస్తుంది. కుర్చీ పోయిన చోటికే పోతే నాన్నగారి కుర్చీలో కూర్చోవచ్చు కదా అంటుంది.

"రాస్తే పూర్తిగా రాయండి. ఆ స్టూల్లాగా సగంలో వదిలెయ్యకండి."

ఆయన రాస్తున్నన్నాళ్లూ ఆవిడ ప్రయాణానికి సర్దుకుంటుంది. పాలవాడికి చెప్తుంది. ఆవకాయ జాడీకి కొత్త గుడ్డ కడుతుంది. తువ్వాలు ఎక్కడుంటుందో గోడ మీద బొగ్గుతో రాసిపెడుతుంది. ఆఖరి రోజున తలంటుకుని, వంగపండు రంగు పట్టుచీర కట్టుకుని, బొట్టు దిద్దుకుని, చాప మీద కూర్చుంటుంది. ఊరికే కూర్చోవడం చేతకాక చిక్కుడుకాయలు ముందు పెట్టుకుంటుంది.

పేర్రాజు కథలో ఆవిడ పేరు మృదుల అని పెడతాడు. మృదుల కిటికీ దగ్గర నిలబడి దూరంగా చూస్తూ ఉంటుంది. ఆమె పెదవుల మీద చిరునవ్వు ఎప్పుడూ చెరగదు. ఎన్ని కష్టాలొచ్చినా ఒక్క మాట అనదు. రాస్తుంటే ఆయనకే కళ్లు చెమరుస్తున్నాయి. ఆఖరి వాక్యం రాసి, చుక్క పెట్టి, కళ్లు మూసుకుంటాడు.

చిక్కుడుకాయ తుంచిన చప్పుడు వినబడుతుంది. తరవాత ఇంకోటి.

కళ్లు తెరిచి చూస్తే మంగతాయారు పట్టుచీరలో అలాగే ఉంది. ముందు ప్రాణం లేచి వస్తుంది ఆయనకి. ఆ వెంటనే తల కొట్టేసినట్టవుతుంది. ఆవిడ చేతులు చూసుకుంటుంది, కాళ్లు చూసుకుంటుంది, జడ ముందుకి వేసుకుని చూసుకుంటుంది.

"ఒక్క వెంట్రుక కూడా కదల్లేదండీ" అంటుంది.

ఆ గొంతులో వెక్కిరింత లేదు. బస్సు ఆగకుండా వెళ్లిపోతే నిలబడిపోయిన మనిషి గొంతు అది. అచ్చులో పడితే వెళ్తావేమోనని పేర్రాజు నీళ్లు నములుతాడు. ఆవిడ లోపలికి వెళ్లి పట్టుచీర మార్చుకుని, మామూలు నేత చీర కట్టుకొస్తుంది. హామీ పత్రం మీద ఆయన ఎప్పటిలాగే సంతకం పెట్టి, కింద గీత గీస్తాడు.

దీపావళి సంచిక వస్తుంది. ఇటీవలి కాలంలో ఇంత సజీవమైన స్త్రీ పాత్ర రాలేదని, ఆమె రచయితగారి ఇంటావిడేనని సంపాదకుడు కథ పైన రెండు వాక్యాలు వేస్తాడు. సజీవమైన స్త్రీ ఆ పేజీలో పకోడీలు కట్టి ఆయనకే ఇస్తుంది.

ఆ వారంలోనే ఓ పొద్దుటి పూట, కొత్తపేట నుంచి త్రినాథరావు అనే ఆయన గుమ్మం ముందు నిలబడతాడు. చేతిలో గొడుగు. పక్కన ఒకావిడ. స్టాంపులు అమ్ముకునేవాణ్నని, పాఠకుణ్నని పరిచయం చేసుకుని, పేర్రాజు కాళ్లకి దండం పెడతాడు. పాఠకుడనేవాణ్ని పేర్రాజు దగ్గర్నుంచి చూడడం అదే మొదలు. కుర్చీ వేద్దామంటే లేదు కనక చాప చూపిస్తాడు.

త్రినాథరావు చెప్పేదేంటంటే, ఆ వస్తువులన్నీ వాళ్లింట్లోనే ఉన్నాయి. ఆయన వారపత్రిక తెచ్చి ఇంటిల్లిపాదికీ పైకి చదువుతాడు. కథ అయ్యేసరికి వస్తువు గదిలో ఉంటుంది. వాలుకుర్చీ వచ్చినప్పటి నుంచీ వాళ్ల నాన్నగారు మంచం దిగి అందులోనే కూర్చుంటున్నారు. కరివేప చెట్టు ముందు గదిలో పెంకులు తోసుకుని పైకి పెరిగింది, వీధి వీధంతా వచ్చి రెమ్మలు కోసుకెళ్తున్నారు. కుక్క లేకుండా ఓ అరుపు ఇల్లంతా తిరుగుతుంటుంది, దొంగల భయం లేదు. ఇవన్నీ చెబుతుంటే ఆయన మొహం వెలిగిపోతుంది. మంగతాయారు మాత్రం నాన్నగారి కుర్చీ కోళ్లకి నూనె రాస్తున్నారా అని అడుగుతుంది. రాస్తున్నామని ఆయన చెప్పాక ఊపిరి తీసుకుంటుంది.

"కానీ గురువుగారూ, ఈవిడతోనే చిక్కొచ్చిందండి" అంటాడు త్రినాథరావు.

పక్కనున్న ఆవిడ చిరునవ్వు నవ్వుతూ ఉంది. వచ్చినప్పటి నుంచీ నవ్వుతూనే ఉంది. అన్నం పెడితే తినదట, పేరు అడిగితే చెప్పదట, కిటికీ దగ్గర్నుంచి కదలదట. వాళ్లింట్లో ఉన్నది ఒకటే కిటికీ. అన్నిటికీ మించింది ఇంకోటుందని, త్రినాథరావు ఆవిడ భుజాలు మర్యాదగా పట్టుకుని అటు తిప్పుతాడు.

ఆవిడకి వెనక వైపు లేదు. వీపు ఉండాల్సిన చోట ఎదుటి గోడ, గోడ మీద బొగ్గుతో రాసిన తువ్వాలు సంగతి కనబడుతున్నాయి. ఇటు తిప్పితే మళ్లీ చిరునవ్వు.

"మీ ఇంటావిడ గురించి రాశారని పైన వేశారు కదండి. మావాళ్లు నమ్మలేదండి. ఏదో పొరపాటున వచ్చుంటుంది, దిగబెట్టి రమ్మన్నారండి."

మంగతాయారు మృదులని ఎగాదిగా చూస్తుంది. నెమ్మదిగా భర్త వైపు తిరుగుతుంది.

"ఎవరండీ ఈవిడ?"

"నువ్వే" అంటాడు పేర్రాజు.

 పేర్రాజుకి సిగ్గు అరికాళ్ల నుంచి పైకి ఎక్కుతుంది. ఎద్దు మొహం చూసి బండి బరువు చెప్పినవాడు, ఇన్నేళ్లు పక్కన కూర్చుని అన్నం తిన్న మనిషికి వీపు ఉందని గమనించలేదు. ఆయన తల దించుకుంటాడు.

 మంగతాయారు మృదులని చెయ్యి పట్టుకుని పెరటి వైపు తీసుకెళ్తుంది. పెరుగన్నం కలిపి, మాగాయ ముక్క పెట్టి, ముద్దలు నోట్లో పెడుతుంది. మృదుల నవ్వు కాస్త పక్కకి జరిపి తింటుంది. తరవాత కూర్చోబెట్టి తలకి నూనె పట్టిస్తుంది. చెయ్యి వెళ్లిన చోటల్లా మృదులకి తల వెనక భాగం వస్తుంది, మెడ వస్తుంది, వీపు వస్తుంది. నడుం దాకా వచ్చాక ఆవిడ మొట్టమొదటిసారి ఒళ్లు విరుచుకుంటుంది.

చేతులు తుడుచుకుని మంగతాయారు వచ్చి భర్త ఎదురుగా కూర్చుంటుంది.

"చూసి రాయండి. తెలీకపోతే అడగండి. నేనెక్కడికీ పోలేదు కదా."

పేర్రాజు అట్ట తీసుకుంటాడు. ఏం అడగాలో తెలీక, మోకాళ్ల నొప్పి ఎలా ఉంటుందని అడుగుతాడు. ఆవిడ చెప్తుంది. లేచేటప్పుడు కాదు, కూర్చునేటప్పుడు ఎక్కువట. కుడిది ముందు, ఎడమది దాన్ని చూసి. పొద్దున్నే ముగ్గు వేసేటప్పుడు లోపల ఎవరో తడి గుడ్డ పిండినట్టు ఉంటుందట. ఆవిడ చెప్పింది చెప్పినట్టు కాకుండా, అలాగని తన సొంతం కలపకుండా, ఒక్కో మాట తూచి రాస్తాడు. వాక్యం పూర్తవగానే మంగతాయారు మోకాలు ముడిచి, చాపి, మళ్లీ ముడుస్తుంది. నొప్పి లేదు.

పేర్రాజు భుజం మీదుగా చదువుతున్న త్రినాథరావు రెండు మోకాళ్లూ పట్టుకుని కింద కూలబడతాడు. పేర్రాజు కంగారుపడి కలం ఆపుతాడు.

"పర్లేదండి, రాయండి. అందుకే కదండి చదవడం" అంటాడు త్రినాథరావు పళ్లు బిగబట్టి.

పేర్రాజు ఇంకోటి అడుగుతాడు. ఆ రాజమండ్రి సంగతేంటని అడుగుతాడు. అడగడానికి ఆయనకి చాలా ధైర్యం కావలసి వస్తుంది.

ఆ సంగతి ఆయన స్నేహితుల దగ్గర నవ్వులాటగా చెప్పుకునేది. నిడదవోలులో పెళ్లి చూసుకుని ఇద్దరూ రైల్లో వస్తున్నారు. రాజమండ్రిలో ఆయనకి దాహమేసింది. ఆవిడ చెంబు పట్టుకుని దిగింది. ఆయన ఓ కథకి ముగింపు ఆలోచిస్తూ ఉన్నాడు. రైలు కదిలింది, రాజమండ్రి వెనకబడింది, సామర్లకోట వచ్చింది. దిగి ఇంటికొచ్చి తాళం చూసి, ఈవిడ ఎక్కడికి పోయిందా అని విసుక్కుంటూ అరుగు మీద కూర్చున్నాడు. చీకటిపడే వేళకి ఆవిడ వేరే రైల్లో వచ్చి, ఏమీ అనకుండా తాళం తీసింది. ఆయనా ఏమీ అడగలేదు. ముగింపు బాగా వచ్చింది, అది ఆయనకి గుర్తు.

ఇప్పుడు మంగతాయారు చెప్తుంది. రైలు వెళ్లిపోయాక బల్ల మీద కూర్చుని, చెంబులో నీళ్లు తనే తాగేసిందట. అంత చల్లటి నీళ్లు మళ్లీ తాగలేదట. అంతలో ఎదర ప్లాట్‌ఫారం మీదికి బెజవాడ వైపు వెళ్లే రైలు వచ్చింది. వెళ్లి ఎక్కింది. కిటికీ పక్కన చోటు దొరికింది. ఎవరూ ఏమీ అడగలేదు, ఎవరికీ కాఫీ అక్కర్లేదు. అంత హాయి ఆవిడ ఎరగదు. కూత వేసింది. దిగిపోయింది.

"ఎందుకు దిగావు?" అంటాడు పేర్రాజు.

"మీ దగ్గర తాళంచెవి లేదని గుర్తొచ్చింది."

 పేర్రాజుకి లోపల ఎక్కడో బరువైనదేదో పక్కకి జరుగుతుంది. ఆ తరవాత రాస్తాడు. చెంబు రాస్తాడు, నీళ్లు రాస్తాడు, కిటికీ పక్క చోటు రాస్తాడు, కొంగుకి కట్టి ఉన్న తాళంచెవి రాస్తాడు. అరుగు మీద కూర్చుని విసుక్కుంటున్న మొగుణ్ని ఉన్నదున్నట్టు రాస్తాడు. తలెత్తి చూసేసరికి మంగతాయారు చాపకి బెత్తెడు ఎత్తున ఉంది.

కాటా దగ్గర అన్నేళ్లు పనిచేసిన కళ్లు. ఎంత బరువు దిగిందో చూడగానే తెలుస్తుంది ఆయనకి. నిండు లోడు దింపిన బండి ఎలా లేస్తుందో ఆవిడ అలా లేచింది. ఆ లోడంతా చదివిన త్రినాథరావు కళ్లు తుడుచుకుంటూ నేలలోకి చీలమండల దాకా దిగిపోతాడు. తనకి ఇబ్బందేం లేదని, పేజీ కాస్త ఇటు తిప్పి పట్టుకోమని అడుగుతాడు.

ఇక మంగతాయారు ఆగదు. పుట్టింటి దొడ్డి సంగతి చెప్తుంది. పాట నేర్చుకుంటానంటే నాన్నగారు కుర్చీ పంపించిన సంగతి చెప్తుంది. ఆవకాయ మెచ్చుకుని తనని మర్చిపోయిన చుట్టాల సంగతి చెప్తుంది. ఒక్కోటీ పేజీలోకి దిగుతుంటే ఆవిడ ఒక్కో జానెడు లేస్తుంది. తల పైకప్పుకి తగిలేలా ఉందని అందరూ పెరట్లోకి నడుస్తారు. ఆవిడ నడవదు, పేర్రాజు కొంగు పట్టుకుని తీసుకెళ్తాడు. త్రినాథరావు కరివేప చెట్టు పోయిన గోతిలో నిలబడితే, గట్టున కూర్చున్న పేర్రాజు పేజీ చదవడానికి ఆయన ఎత్తు సరిగ్గా సరిపోతుంది.

కొంగు చాలదని మంగతాయారే గుర్తుచేస్తుంది. మృదుల తీగ మీద ఆరేసిన చీరలు దించి ఒకదానికొకటి ముడేస్తుంది. ఓ కొస మంగతాయారు నడుముకి చుట్టుకుంటుంది. రెండో కొస పేర్రాజు ఎడం చేతికి. కుడి చేత్తో రాస్తూ ఉంటాడు. ఆవిడ బాదం చెట్టు దాటి, లింగమూర్తి డాబా దాటి, ఫ్యాక్టరీ గొట్టం ఎత్తుకి వెళ్తుంది. లింగమూర్తి మావగారు గోడ మీద నుంచి చూసి, ఇలాగైతే తనని రాసినా అభ్యంతరం లేదని అంటాడు. కుక్క నిశ్శబ్దంగా మొరుగుతుంది.

పైనుంచి ఆవిడ కనబడినవన్నీ చెప్తూ ఉంటుంది. రైలు పట్టాలు ఇంత దగ్గర దగ్గరగా ఉంటాయనుకోలేదట. కాకినాడ కాలువలో ఎవరిదో బిందె కొట్టుకుపోతోందట. తప్పు రాస్తే అక్కడి నుంచే తెలుస్తోంది ఆవిడకి. చీర గట్టిగా లాగుతుంది, పేర్రాజు కొట్టేసి మళ్లీ రాస్తాడు. జీవితంలో ఇంత బాగా ఆయన ఎప్పుడూ రాయలేదు. ఇంత భయం కూడా ఎప్పుడూ వెయ్యలేదు.

ఎందుకంటే ఒక్క వాక్యం మిగిలింది. అది ఆయనకి తెలుసు. ఆ వాక్యం ఎలా ఉండాలో కూడా తెలుసు. దాని చివర చుక్క పెడితే చేతిలో చీర వదులైపోతుంది. ఆవిడ కొత్తపేటలో వాళ్ల నాన్నగారి కుర్చీ పక్కన దిగుతుంది. అక్కడ అందరూ ఆవిణ్ని బాగా చూసుకుంటారు. ఇక్కడ చాప ఉంటుంది.

"అయిందా?" అని పైనుంచి అడుగుతుంది ఆవిడ.

"ఇంకా కొంచెం ఉంది" అంటాడు పేర్రాజు.

ఆలస్యం చెయ్యడానికి ముందు హామీ పత్రం రాద్దామనుకుంటాడు. కొత్త కాగితం తీస్తాడు. ఈ కథ నా, అని రాసి ఆగిపోతాడు. తరవాతి మాట రాయడానికి చెయ్యి రాదు. ఎన్నో కథలకి గీత గీసి మరీ పెట్టిన సంతకం ఇవాళ పెట్టలేకపోతున్నాడు. నీళ్లు ఆయన తాగలేదు. రైలు ఆయన ఎక్కలేదు, దిగలేదు.

కాగితానికి మధ్యలో చిల్లు పెట్టి, చీర కొస అందులోంచి దూర్చి వదుల్తాడు. గాలిపటం దారానికి కాగితం తొడిగి పంపినట్టు, హామీ పత్రం ముడి ముడీ దాటుకుంటూ పైకి ఎక్కుతుంది. నేత చీర దాటుతుంది, గళ్ల చీర దాటుతుంది, వంగపండు రంగు పట్టుచీర దగ్గర కొంచెంసేపు ఆగి, అదీ దాటుతుంది.

"దీని మీద సంతకం నేను పెట్టాలా?"

"నువ్వే పెట్టాలి."

"దేంతో పెట్టను?"

ఇంట్లో ఉన్నది ఒకటే కలం. పేర్రాజు దాన్ని చూసుకుంటాడు. అది పైకి వెళ్తే చుక్క పెట్టేది ఆయన కాదు. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ చేతిలో ఏదో ఒక కలం ఉంది. అది లేకపోతే ఆ చెయ్యి ఎందుకో ఆయనకి తెలీదు. గోతిలోంచి త్రినాథరావు ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. పేర్రాజు కలాన్నీ, రాసిన కాగితాల్నీ కలిపి చీరకి కట్టి వదుల్తాడు. అవి పైకి వెళ్తుంటే ఖాళీ అయిన కుడి చేత్తో కూడా చీర పట్టుకుంటాడు. రెండు చేతులతో పట్టుకుంటే ఎంత బాగుంటుందో ఆయనకి ఇప్పుడే తెలుస్తుంది.

పైన కాగితాలు ఒక్కోటీ తిరుగుతాయి. ఆవిడ చదువుతోంది. అప్పుడు కలం గీరుకుంటున్న చప్పుడు, అంత ఎత్తు నుంచి కూడా, పెరట్లోకి వినబడుతుంది. సంతకానికి అంతసేపు పట్టదు. ఆవిడ రాస్తోంది.

ముందు పేర్రాజు నడుం నొప్పి పోతుంది, కుర్చీ మాయమైన నాటిది. తరవాత కథ పైన సంపాదకుడు వేసిన రెండు వాక్యాలు పోతాయి. వాటి బరువు అంతుందని ఆయన అనుకోలేదు. అరుగు మీద కూర్చుని తాళం వైపు చూస్తూ, ఈవిడకి ఏమైనా అయిందేమోనని ఆ రోజు ఒక్క క్షణం తను భయపడిన సంగతి పోతుంది. అది ఎవరికీ చెప్పలేదు ఆయన. ఆవిడకి ఎలా తెలుసో తెలీదు. చెప్పులు నేల మీదే ఉన్నాయి, కాళ్లు వాటిలో లేవు.

లేస్తూ లేస్తూ పేర్రాజు చీర కొస మృదుల చేతిలో పెడతాడు. ఆవిడ దాన్ని వీపు చుట్టూ తిప్పుకుని, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడుతుంది. ఆవిడ చిరునవ్వు మాయమై చాలాసేపైంది, మొహం మీద చెమట పట్టింది. పేర్రాజు బాదం చెట్టు దాటతాడు. ముడులు పట్టుకుని ఒక్కో చీరా ఎక్కుతూ పోతుంటే, పైన మంగతాయారు పక్కకి జరిగి కిటికీ దగ్గర చోటిచ్చినట్టు కొంచెం చోటిస్తుంది.

త్రినాథరావు గోతిలో మోకాళ్ల లోతు దిగి, మెడ వెనక్కి వాల్చి చూస్తున్నాడు. అంత దూరం నుంచి అక్షరాలు ఆనడం లేదని ఆయన బాధ. ఆయన చొక్కా జేబులోంచి లేత కరివేప రెమ్మ ఒకటి బయటికి వచ్చింది. లింగమూర్తి మావగారు గోడ దిగి వచ్చి, దాన్ని తుంపబోయి, ఊరుకుంటాడు.

మృదుల నోరు తెరుస్తుంది. అప్పటిదాకా ఆమె మాట్లాడడం ఎవరూ వినలేదు. గొంతు బొంగురుగా, పెద్దగా, పక్క వీధికి వినబడేలా ఉంది.

"అయిందా?"

ఇంకా కొంచెం ఉందని పైనుంచి రెండు గొంతులు ఒక్కసారే అంటాయి. మృదుల తల ఊపి, తన ఒంటి మీది చీర కొంగు చివర పట్టి చూసుకుని, దాన్ని కూడా ఆఖరి చీర కొసకి ముడేసి, ఇంకాస్త పొడుగు పైకి వదుల్తుంది.